రాజక్క ముందున్న గ్లాసు

చంద్రాపూర్ జిల్లా విసాపూర్‌లో సిమెంటు దుకాణం నడిపే పోశన్న మాటను కూడా బస్తాలా తూచి ఇచ్చే మనిషి. ధర అడిగితే ధర చెబుతాడు. అంతకు మించి అడిగితే గోడ మీది కాలెండరు వైపు చూస్తాడు. ఇంట్లో ఆయన వంతు మాటలు కూడా భార్య రాజక్కే మాట్లాడుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఇద్దరికీ ఈ ఏర్పాటు బాగానే కుదిరింది.

ఆ ఎండాకాలం సిమెంటు బాగా పోయింది. ఎక్కువ అమ్మిన దుకాణదారులను వారం రోజులు డబ్లిన్ అనే ఊరు తిప్పి తీసుకొస్తామని కంపెనీ వాళ్లు కబురు పెట్టారు. అంతకు ముందు ఏడాది బ్యాంకాక్ తీసుకుపోతామని, మగవాళ్లు మాత్రమే రావాలన్నారు. ఆ ముక్క మీద తాలూకా తాలూకాలోనూ ఇళ్లల్లో గిన్నెలు ఎగిరాయి. అందుకని ఈసారి భార్య వెంట లేనివాణ్ని విమానం ఎక్కించేది లేదన్నారు.

"డబ్లిన్ ఏడుంది?" అంది రాజక్క.

పోశన్న పడమటి వైపు చెయ్యి ఊపాడు.

"గంత దూరం ఇప్పుడెందుకయ్యా? తిరిగొచ్చిన మూడోనాడే ఓటాయె."

ఆ ఓటు సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. బడికి పోయే దారిలో ఒక బారు తెరిచారు. దాన్ని మూయించాలని రాజక్క, ఆమె పొదుపు సంఘం ఆడవాళ్లు అర్జీలు పెట్టీ పెట్టీ చివరికి ఓటు దాకా తెచ్చారు. ఓటు చీటీ మీద రెండు బొమ్మలుంటాయి. ఒకటి నిలబడ్డ సీసా, ఒకటి పండుకున్న సీసా. ఊళ్లో ఉన్న ఆడ ఓటర్లలో సగం మందికి పైగా పండుకున్న సీసా మీద గుద్దితే బారుకు తాళం పడుతుంది. గుద్దకపోతే మళ్లీ ఓటు పెట్టించడానికి ఏళ్లు పడతాయి. రాజక్క ఇల్లిల్లూ తిరిగింది. పాట కూడా కట్టింది.

ఇల్లిల్లూ తిరిగినప్పుడు వెంట పోశన్నను తీసుకుపోయేది. చంద్రాపూర్ జిల్లాలో సారా, బీరు అన్నీ బందు పెట్టిన ఆరేళ్లూ ఆయన దొంగచాటుగా తాగాడు. బందు ఎత్తేసిన ఏడాది మానేశాడు. ఎవరికీ భయపడకుండా తాగితే ఆయనకు రుచి తెలియలేదేమో. రాజక్క మాత్రం అది తన గెలుపని చెప్పుకుంది.

"గిదిగో మా ఆయన. మూడేండ్లాయె ముట్టక. మీ ఆయనకేమైంది?" అని ప్రతి గడపలో చూపించేది. పోశన్న అంగట్లో పళ్లు చూపించే ఎద్దులా తల వంచుకుని నిలబడేవాడు.

చివరికి సంఘంలో పెద్దామె ఈరమ్మ, "పోయి రాయే రాజీ. పాట మేం పాడుకుంటం. వారం దినాలల్ల ఊరు యాడికి పోతది?" అంటే రాజక్క బయల్దేరింది.

డబ్లిన్‌లో దిగేసరికి జూన్ నెల. టూరు మేనేజరు నాగపూర్ మనిషి. ఆయన, "ఇవాళ ఇక్కడ ఎండ ఎక్కువగా ఉందట" అని కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. చంద్రాపూర్ ఎండలో కాలినవాళ్లంతా మంకీ టోపీలు ఇంకొంచెం కిందికి లాక్కున్నారు.

రోజంతా నది మీది వంతెనలు, చర్చిలు చూపించి, సాయంత్రం ఒక గాజు తలుపు ముందు నిలబెట్టాడు.

"ఈ ఊళ్లో పబ్బు చూడకపోతే ఊరు చూసినట్టు కాదు. రోజుకొక పబ్బు, అంతా టికెట్లోనే."

"పబ్బంటే?" అంది రాజక్క.

"బారే వదినా," అన్నాడు రాజూరాలో దుకాణం ఉన్న భూమన్న. అప్పటికే ఆయన ఒక కాలు లోపల పెట్టేశాడు.

"నేను రాను. బారు మూపియ్యనీకి చెప్పులరగ తిరిగేటిదాన్ని, బారుల కూసుంటనా?"

ఆమె బయటే చూరు కింద నిలబడింది. పోశన్న కూడా నిలబడ్డాడు. ఆయనను ఎవరూ అడగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయన ముక్కు దానంతట అదే అటు తిరిగేది. అంతలో వాన వచ్చింది. ఆ ఊరి వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. కాసేపటికి రాజక్క కాళ్లు మార్చి మార్చి నిలబడసాగింది.

"లోపల బాత్రూం ఉంటదా?"

పోశన్న తల ఊపాడు.

"ఇట్ల పోయి అట్లొస్త. నువ్వు గీడనే ఉండు."

అట్లా పోయినామె ఎంతకీ రాలేదు. పోశన్న భయపడి లోపలికి పోయాడు. చూస్తే రాజక్క ఒక తెల్లజుట్టు ముసలమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. ముందర ఒక గిన్నెలో వేడి సూపు. ముసలమ్మ ఇంగ్లీషులో ఏదో చెబుతోంది, రాజక్క తెలుగులో జవాబిస్తోంది. ఇద్దరి మధ్యా భాష లేదు, మాటలు మాత్రం ఆగడం లేదు.

"ఇది బారు కాదయ్యా," అంది రాజక్క గొంతు తగ్గించి. "సూడు, ఆ బల్లకాడ ఒకామె మనుమరాలికి లెక్కలు చెప్తుంది. ఆ మూలకు కుక్క పండుకున్నది. ఎవని కాలరు ఎవడూ పట్టలే. ఇది బారెట్లయితది?"

"బారే," అన్నాడు పోశన్న. ఆ రోజుకు ఆయన మాట అదొక్కటే.

మరునాడు పెద్ద కాలేజీలో ఏనాటిదో చేతిరాత పుస్తకం చూపించారు. దాని కోసం వానలో పొడుగాటి లైను. తీరా చూస్తే అద్దం కింద రెండు పేజీలు తెరిచి పెట్టారు.

"ఇంతేనా? తిప్పరా?" అంది రాజక్క.

"ముట్టుకుంటే చిరుగుతుందమ్మా," అన్నాడు మేనేజరు.

"మరి సదివేదెట్ల?" అని, ఆమె వెనక్కి తిరిగి మోకాలు ఒత్తుకుంటూ, "ఇయ్యాల పబ్బు ఏడుంది?" అని అడిగింది.

భూమన్న భార్య ప్రభావతి పక్కున నవ్వింది. "వదిన పబ్బు మరిగింది!"

"నేను మరిగింది కుర్చీ, బాత్రూము. ఈ ఊళ్లె అవి రెండూ ఉన్నది గా పబ్బులల్లనే."

మూడోనాడు జంతువుల పార్కుకు తీసుకుపోయారు. అందరినీ పరుగు పరుగున నడిపించి ఒక గాజు గోడ ముందు ఆపి, మేనేజరు గుసగుసగా, "పులి!" అన్నాడు. చంద్రాపూర్ జిల్లా దుకాణదారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పులి వెల్లకిలా పండుకుని ఉంది.

"దీన్ని సూడనీకి ఇమానం ఎక్కి వచ్చినమా?" అన్నాడు భూమన్న. "మా చేను కాడ దీని మేనమామ రోజూ తిరుగుతడు. టికెట్టు లేదు."

"ఇది మంచిదే," అంది రాజక్క. "అద్దం అవతల ఉన్నది."

సాయంత్రాలు మాత్రం ఆమె కళ్లు ఊరికే ఉండలేదు. ఛాయ్ కప్పు ముందు పెట్టుకుని పబ్బులో ఒక్కొక్కళ్లనూ లెక్క పట్టేది.

"ఆ ఎర్రమొకపాయనను సూడు. వచ్చి గంటన్నరైంది. గ్లాసుల సగం అట్లనే ఉంది. ఎందుకో ఎరికేనా?"

పోశన్న ఆ గ్లాసు వైపు చూశాడు.

"ఎదురుంగ పెండ్లాం ఉన్నది. ఆమె మాట్లాడుతుంటే ఆయన ఇనాలె, జవాబియ్యాలె. ఇగ తాగేదెప్పుడు? మనోళ్లు గోడ దిక్కు మొకం పెట్టి గటగట పోసుకుంటరు. మాట్లాడే మనిషి ఎదురుంగ ఉంటే కదా." చెంగుతో మూతి తుడుచుకుంటూ అంది, "నీకు కావాల్నా?"

పోశన్న ఉలిక్కిపడ్డాడు. ఇది వల అనుకున్నాడు. తల గట్టిగా అడ్డంగా ఊపాడు.

"నాలుగొద్దులాయె, కుక్క లెక్క ముక్కు ఎగబీలుస్తనే ఉన్నవ్. ఒక్కటి తాగు. నా ఎదురుంగ, ఈ ఊళ్లెనే. మనూళ్లె కాలు పెట్టినంక మళ్ల నువ్వు ముట్టనోనివే."

నల్లటి బీరు వచ్చింది. పైన తెల్లటి నురగ. వయసులో ఉండగా ఘుగ్గుస్ బొగ్గుగనిలో పనిచేసినప్పుడు పంపులోంచి వచ్చే నీళ్లు ఇదే రంగులో ఉండేవి. పోశన్న రెండు చేతులతో గ్లాసు ఎత్తి తాగాడు. రాజక్క రెప్ప వేయకుండా చూసింది.

"ఎట్లుంది?"

"కషాయం."

"గిందుకా మూడేండ్లు మొకం గట్ల పెట్టినవ్?"

అయినా మరుసటి సాయంత్రం కూడా ఒక్క గ్లాసు ఇప్పించింది. ఆమె ఎదురుగా కూర్చుని మాట్లాడుతూనే ఉంది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పబ్బులో సగం మంది మారిపోయారు.

ఆఖరి సాయంత్రం పాటల పబ్బుకు పోయారు. పోశన్న ముందు ఆ రోజు వంతు గ్లాసు పెట్టి ఉంది. పది గంటలు కావస్తున్నా కిటికీల్లో ఇంకా వెలుగే. ఒకరు పాడిన తర్వాత, ఆ పాడినవాళ్లే తరువాత ఎవరు పాడాలో పిలవాలి. అది అక్కడి పద్ధతి. ఒక బట్టతలాయన కళ్లు మూసుకుని దుఃఖం పాట పాడి, కళ్లు తెరిచి, ఎర్ర అంచు చీరలో ఉన్న రాజక్క వైపు వేలు చూపించాడు. పబ్బంతా చప్పట్లు.

"పాడాల్నట వదినా. పిలిస్తే కాదనొద్దట," అంది ప్రభావతి.

రాజక్కకు చివరిదాకా నోటికి వచ్చిన పాట ఒక్కటే. లేచి కొంగు బిగించి, బల్ల మీద అరచేత్తో దరువు వేసి అందుకుంది.

"సీసా పండుకుంటేనె ఇల్లు లేస్తదే అక్కా
సీసా నిలబడితేనె ఇల్లు కూలుతదే..."

దరువు బాగా కుదిరింది. రెండో చరణానికి పబ్బంతా బల్లలు కొట్టింది. మూడో చరణానికి గ్లాసులు పైకెత్తి, ఏమిటో తెలియకపోయినా "అక్కా" అన్న చోట అందరూ గొంతు కలిపారు. బారు మూయాలన్న పాటకు బారంతా ఊగుతుంటే ప్రభావతి ఆగలేక ఫోను పైకెత్తింది.

ఇక్కడ పోశన్న చేతి సంగతి ఒకటి చెప్పాలి. బందు ఉన్న ఆరేళ్లలో పెళ్లిళ్లలో, పేరంటాల్లో మగవాళ్లు స్టీలు గ్లాసుల్లో పోసుకుని తాగేవాళ్లు. పోలీసు జీపు చప్పుడైతే చాలు, గ్లాసు పక్కనున్న ఆడమనిషి ముందుకు జరిపేవాళ్లు. ఆడవాళ్ల గ్లాసు పోలీసులు వాసన చూడరు. ఆ జిల్లాలో మగవాళ్ల చేతులన్నిటికీ ఈ విద్య వచ్చు. నిద్రలో లేపి టార్చి వేసినా చెయ్యి ముందు గ్లాసును జరుపుతుంది, తర్వాతే కళ్లు తెరుచుకుంటాయి.

ప్రభావతి ఫోను లేవగానే పోశన్న చెయ్యి గ్లాసును రాజక్క ముందుకు జరిపేసింది. ఆ ఊళ్లో తాగడం నేరం కాదన్న సంగతి చేతికి ఎవరూ చెప్పలేదు.

పాట అయిపోయింది. బట్టతలాయన వచ్చి రాజక్క చెయ్యి ఊపి ఊపి వదిలాడు. ప్రభావతి ఆ వీడియోను తన చెల్లెలికి ఒక్కదానికే పంపింది. చెల్లెలు తన ఆడపడుచుకు ఒక్కదానికే పంపింది.

నాగపూర్‌లో విమానం దిగి జీపులో విసాపూర్ చేరేసరికి ఊరి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద నోరు తెరిచి, చెయ్యెత్తి, నల్ల బీరు ముందు రాజక్క. నిలువెత్తున ఉంది. బొమ్మకు పాట రాదు కదా. కింద, "మన ఊళ్లో వద్దట, పరాయి దేశంలో ముద్దట. ఈ అక్క మాట వింటారా?" అని రాసి ఉంది. కట్టించింది బారు సేటు.

రాజక్క జీపు ఆపించి దిగింది. కిందినుంచి పైదాకా చూసింది. ఆమె చూపు గ్లాసు దగ్గర ఆగింది.

"ఇది నా ముందలకెట్లొచ్చింది?"

పోశన్న తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. రాజక్కకు అర్థమైంది. ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం పోశన్నకు కొత్త. ఇంట్లో ఎవరూ లేనట్టు అనిపించింది.

ఆ సాయంత్రమే సంఘం ఆడవాళ్లంతా అంగన్‌వాడీ గదిలో కూడారు. ఈరమ్మ ముందు కూర్చుంది.

"రాజీ, నువ్వు తాగినవని నేననను. గని గా గ్లాసు ఎవలది? రేపు నన్నడుగుతరు. ఏమని చెప్పాలె?"

రాజక్క నేల చూపులు చూసింది. చెబితే మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే తనది పోతుంది. ఇల్లిల్లూ తిప్పి చూపించింది ఆయననే కదా. గుమ్మం అవతల చెప్పుల దగ్గర నిలబడ్డ పోశన్నకు ఆ మౌనం గుచ్చుకుంది. బతుకులో మొదటిసారి ఆడవాళ్ల మీటింగు మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"గ్లాసు నాది," అన్నాడు. "తాగింది నేను. ఫోను సూసి భయమై ఆమె ముందల పెట్టిన."

గది గొల్లుమంది.

"అయ్యో, ముట్టనోడు!" అని ఒకామె. "మా ఆయన ముందల నీ ఫోటో పెట్టి మొక్కుడొక్కటే తక్కువాయె గదయ్యా!" అని ఇంకొకామె.

"ఇప్పించింది నేనే," అంది రాజక్క తలెత్తి. "ఒద్దుకొక్కటి. ఎదురుంగ కూసొని తాగిపిచ్చిన. అబద్ధమెందుకు?"

ఈరమ్మ నుదురు కొట్టుకుంది. "ఇద్దరు కల్సి మంచిగనే ముంచిండ్రు."

ఆదివారం ఓటయింది. వేసిన వాళ్లలో ఎక్కువమంది పండుకున్న సీసాకే వేశారు. కానీ చాలామంది అసలు ఇళ్లలోంచి రాలేదు. సగం దాటలేదు. బారు ముందు సేటు పటాకులు కాల్చాడు. దుకాణంలో కూర్చున్న పోశన్నకు ఒక్కొక్క చప్పుడూ చెంప మీద పడ్డట్టే ఉంది.

రాజక్క అన్నం పెట్టింది, నీళ్లిచ్చింది. మాట మాత్రం లేదు. నాలుగోనాడు పోశన్న ఉండబట్టలేక, "తాగుమన్నది నువ్వే గద," అన్నాడు.

"తాగినందుకా నా కోపం?" అంది రాజక్క. "నీ తప్పు తెచ్చి నా ముందల పెట్టినవ్. ఇన్నేండ్లు పోలీసులొస్తె ఎవల ముందల పెట్టిండ్రు? మా ముందలనే. అప్పుడు నేను కూడ కొంగు కప్పిన. గదే నా తిక్క."

అంతే అని, చిక్కుడుకాయల గంప చంకన పెట్టుకుని వీధిలోకి పోయింది. సంతకు పోతోందనుకున్నాడు పోశన్న. ఆమె తిన్నగా బారులోకి పోయింది.

లోపల ఈరమ్మ మొగుడు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. రాజక్క కుర్చీ లాగి పక్క బల్ల దగ్గర కూర్చుని, గంప బల్ల మీద పెట్టి, చిక్కుడు ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

"బావా, బాగున్నవా? మోకాలి నొప్పి ఎట్లుంది? ఈరక్క జెర్రంత సేపట్ల వస్తది, కూసో."

ఆయన గ్లాసు దించకముందే ఈరమ్మ వచ్చి ఎదుట కూర్చుంది. బియ్యం చేట తెచ్చుకుంది.

"తాగు తాగు," అంది మొగుడితో. "నేను రాళ్లేరుకుంట. గని జర చెప్పు, తమ్మునికి గా పొలం సంగతి ఏమన్నవ్?"

పొలం సంగతి చాలా పెద్దది. ఆయన గ్లాసు అలాగే ఉండిపోయింది.

నౌకరు వచ్చి రాజక్కతో, "ఆడవాళ్లు ఇక్కడ..." అని నసిగాడు.

"ఏ కాగితంల రాసి ఉంది? నాకొక ఛాయ్ తే. పైసలిస్త."

మరునాడు ఇంకో నలుగురు వచ్చారు. ఆ మరునాడు అల్లికలు, కుట్టు సామాను, చదువుకునే పిల్లల పుస్తకాలు కూడా వచ్చాయి. ఎవరూ తిట్టలేదు, గ్లాసు లాక్కోలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడారు. కూతురి ఫీజు, చూరు కారడం, అత్త కంటి ఆపరేషను. మొదటి గ్లాసు సగంలో ఉండగానే మగవాళ్లు లేచి, "పదవే, ఇంటికి పోదాం" అనేవాళ్లు. రెండో గ్లాసు ఎవరికీ ఎక్కలేదు. కొందరు బల్లార్పూర్ టౌనుకు పోయి తాగుదామనుకున్నారు గానీ, గ్లాసు కోసం అంత దూరం పోయి రావడం దండగని మానుకున్నారు.

వానలు పట్టుకున్నాక ఒక సాయంత్రం సేటు పోశన్న దుకాణానికి వచ్చాడు. బస్తా మీద కూర్చుని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"పోశన్న దాదా, వదినమ్మకు జర చెప్పు. పోలీసులను పిలుద్దామంటే ఏమని పిలుస్త? ఛాయ్ తాగుతున్నరని రాసిస్తనా? రోజూ ఛాయ్‌పత్తి కొనవడుతుంది. బీరు డబ్బాలు అట్లనే ఉన్నై."

పోశన్న కాలెండరు వైపు చూశాడు.

"నేను దుకాణం హైవే దిక్కు మార్చుకుంట. అర్జీ పెట్టిన. దసరా దాకా గడువు కావాలె. గంతే చెప్పు."

రాజక్కతో మాట్లాడటానికి పోశన్నకు ఒక సాకు దొరికింది. దుకాణం తలుపు సగం దించి బారుకు పోయాడు. లోపల అన్ని బల్లల దగ్గరా జంటలే. రాజక్క ఒక్కతే కూర్చుని తోటకూర తెంపుతోంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన నిలబడే సేటు మాట చెప్పాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారిగా ఆయన అన్ని మాటలు మాట్లాడింది అదే.

రాజక్క విన్నది. కాడ ఒకటి తుంచింది.

"దసరా దాకా గడువిస్తం. దసరా దాకా వస్తం కూడ. పోయి చెప్పు." ఆయన కదలబోతే, "ఏడికి?" అంది. "అందరి ఎదురుంగ అందరున్నరు, నా ఎదురుంగ గోడ ఉన్నది. లోకమేమనుకుంటది? కూసో."

పోశన్న కూర్చున్నాడు. నౌకరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోశన్న రాజక్క మొహం చూశాడు. ఆమె తోటకూర కట్ట ఒకటి ఆయన ముందుకు తోసింది.

"రెండు ఛాయ్‌లు," అంది నౌకరుతో. "నిన్న పెట్టినట్టు పెట్టకు, గది ఛాయా? అల్లం దంచి వెయ్. గీడ లేకుంటే మా ఇంటికాడికి పోయి తెచ్చుకో, గుమ్మం పక్క బుట్టల ఉంది."